ఏటిగట్టు మీంచి కొండకి

అమలాపురం

అమ్మాయ్,

స్నేహితులతో మారేడుమిల్లి కొండలకి వెళ్లొచ్చి నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. నేను గీత గీసింది ఒకే ఒక్క చోట. "దారిలో ఒకమ్మాయికి వాంతులైతే పావుగంట ఆగాం" అని రాశావు చూడు, దాని కింద.

మారేడుమిల్లి దాటి అమృతధార వైపు వెళ్తుంటే, ఘాట్ మలుపుల్లో జరిగిందది. ఆ ఒక్క ముక్క రాసి జలపాతం దగ్గరికి వెళ్లిపోయావు. ఇక అక్కణ్ణుంచి రెండు పేజీలు ప్రకృతి ఒడి, పచ్చని తివాచీ, పాలనురుగు. ఆ మాటలు ఏ కొండకైనా అతుకుతాయి. ఊరి పేరు కొట్టేసి అరకు అని పెట్టినా ఎవరూ కనిపెట్టలేరు. ఆ పావుగంట మాత్రం మీ ఐదుగురిది. నీళ్ల సీసా ఎవరు తెచ్చారు? వీపు ఎవరు నిమిరారు? లేటైపోతోందని ఎవరు టెన్షన్ పడ్డారు? జలపాతం ముందు ఫోటోకి అందరం ఒకేలా నవ్వుతాం. స్నేహితులు తెలిసేది రోడ్డు పక్కన ఆగినప్పుడే.

ఇంకో సంగతి. మనం డెల్టాలో పుట్టినవాళ్లం. మనకి ఎత్తంటే ఏటిగట్టు. సైకిలు మీద గట్టెక్కాలంటే సీటు మీంచి లేచి తొక్కేవాళ్లం, చిన్నప్పుడు మాకు అదే కొండ. ఇక్కడ ఎటు చూసినా చూపు కొబ్బరిచెట్ల వరుస దగ్గర ఆగిపోతుంది. ఆ కళ్లతో కొండకి వెళ్లావు నువ్వు. కోరుకొండలో నరసింహస్వామి కొండ చదును నేల మీంచి ఒక్కటే లేచి నిలబడి ఉంటుంది, అక్కడ మెడ ఎత్తి ఉంటావు. గోకవరం దగ్గరపడేసరికి వరిచేలు పలచబడి జీడిమామిడి తోటలు మొదలై ఉంటాయి. మీ ఊరి నుంచి ఇంచుమించు 150 కిలోమీటర్ల దారి అది, నాలుగు గంటల ప్రయాణం. దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. కొండప్రాంతంలో పుట్టినవాళ్లు రాయలేనిదీ, నువ్వు రాయగలిగేదీ ఆ నాలుగు గంటల్లోనే ఉంది.

పేర్లు అడుగు. నీ వయసులో నేను ఆ అడవి మీద రాస్తూ "టేకు చెట్ల నీడన కూర్చున్నాం" అన్నాను. అచ్చయింది కూడా. అక్కడ పనిచేసే ఒక ఉపాధ్యాయుడు కార్డు రాశారు, మీరు చెప్పిన చోట ఉన్నవి నల్లమద్ది చెట్లు బాబూ అని. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పగిలి ఉంటుంది. టేకు లేతాకు నలిపితే అరచెయ్యి ఎర్రబడుతుంది. ఒక్క ఆకు తుంపి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. ఆ కార్డు ఇప్పటికీ దాచుకున్నాను.

బొంగు చికెన్ "చాలా రుచిగా ఉంది" అన్నావు. పచ్చి వెదురే ఎందుకు వాడతారో అడిగావా? ఎండు బొంగైతే నిప్పు అంటుకుంటుంది. పచ్చిదాంట్లో చెమ్మ ఉంటుంది, ఆ చెమ్మకే ముక్క ఉడుకుతుంది, నూనె చుక్క అక్కర్లేదు. మూతికి ఆకు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ ఉంటారు. ఆ తిప్పిన చేతుల గురించి రెండు మాటలు రాయి.

ఆ చేతులవాళ్లనే నువ్వు "అమాయక గిరిజనులు" అన్నావు. అక్కడ నాకు నిజంగా బాధేసింది. రంపచోడవరంలో టిఫిన్ చేశామన్నావు కదా. 1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు దళం ఆ ఊరి పోలీసు స్టేషను మీదికి వెళ్లింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని కట్టడి చేసింది, మన్యంలో రోడ్ల పనికి మనుషుల్ని బలవంతంగా తోలేవారు. ఆ కడుపుమంటతో తెల్లదొరల మీద తిరగబడ్డ మన్యం అది. చరిత్ర పాఠం పెట్టమనడం లేదు. ఆ ఒక్క విశేషణం తీసెయ్యి. వాళ్లలో ఒకరితో మాట్లాడిన మాట ఉంటే అక్కడ పెట్టు.

కొండ వేరు, మన ఊరు వేరు అన్నట్టు కూడా రాశావు. ఆషాఢంలో ఎర్రనీరొస్తే మా అమ్మమ్మ ఇండుపగింజ అరగదీసి బిందెలో కలిపి తేర్చేది. ఆ ఎరుపు ఎగువ నేలల మట్టిదే. ఆ అడవుల నీళ్లు మోసుకొచ్చి శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆ నీరే కాలువలెక్కి మన చేలకి వచ్చింది. మన లంకలన్నీ ఏరు తెచ్చి పోసిన ఒండ్రు. మీరు కారులో ఎక్కిన దారికి ఎదురుగా ఆ మట్టి ఎన్నో ఏళ్లుగా దిగి వస్తోంది. ఇది తెలిసి చూస్తే వాగులో నీళ్లు నీకు వేరేలా కనిపిస్తాయి.

తిరుగు ప్రయాణం గురించి ఒక్క ముక్కా లేదు. రాత్రి జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఎక్కేసరికి మీలో ఎవరు మెలకువగా ఉన్నారు? ఆ వాంతులైన పిల్ల ఎవరి భుజం మీద నిద్రపోయింది? కారులో పాటలు ఎవరు ఆపేశారు? అదీ, ఆ పావుగంటా రాసి పంపు. మిగతావి తర్వాత చూద్దాం.

సంక్రాంతి వరకూ నేను ఊళ్లోనే ఉంటాను. ఇటువైపు వస్తే ఇంటికి రా, భోంచేసి వెళ్దువుగాని. మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మాస్టారు