ఫోటోలో పడేది ‘కాంతి మంట’ కాదు

సందేహం: ఫోన్‌తో రాత్రిపూట ఫోటోలు తీయడం గురించి వ్యాసం రాస్తున్నాను. దీపాల చుట్టూ చారలు, ఎక్కడో ఆకుపచ్చ చుక్కలు పడుతుంటాయి కదా, ఆ లెన్స్ ఫ్లేర్‌ని ‘కాంతి మంట’ అన్నాను. మిత్రుడొకరు ‘మిరుమిట్లు’ బాగుంటుందన్నారు. ఏది సరి? ‘లెన్స్ మీద వెలుతురు పడింది’ అనాలా, ‘వెలుగు పడింది’ అనాలా?

సమాధానం: ‘కాంతి మంట’లో సమాసదోషం లేదు. తత్సమమూ తెలుగు మాటా కలవడం మిశ్ర సమాసాల్లో మామూలే. చిక్కు అర్థంతోనే. మంట అనగానే కాలడం గుర్తొస్తుంది, ఇక్కడ కాలేదేమీ లేదు. ‘మిరుమిట్లు’ చక్కటి మాటే గానీ అది కంటికి చెందింది. వెలుగు మిరుమిట్లు గొలిపితే చెదిరేది చూసేవాడి కళ్లు. ఫోటోలో మిగిలే మరకకు ఆ మాట అతకదు.

అసలు అన్నిటికీ ఒకే పేరు వెతకడం దగ్గరే మీ వ్యాసానికి ఇబ్బంది వస్తోంది. లెన్స్ ఫ్లేర్ అందరికీ తెలిసిన మాట, అలాగే ఉంచండి. దాని కింద మీరు చెప్పదలచినవి మూడు వేరు వేరు సంగతులు. మూడింటికీ తెలుగులో మాటలున్నాయి, పేరు మారితే మందూ మారుతుంది.

దీపం నుంచి పొడుగ్గా సాగేది చార. ఫోన్లలో ఇది చాలావరకు వేలిజిడ్డు వల్లే వస్తుంది. జిడ్డును ఏ వైపు పులిమితే చార దానికి అడ్డంగా సాగుతుంది. లెన్స్‌ని పైనుంచి కిందికి జిడ్డువేలితో రాసి చూడండి, చార పక్కలకి పరుచుకుంటుంది. మెత్తటి పొడిబట్టతో తుడిస్తే పోతుంది.

చుక్క సంగతి వేరు. ఫోన్ కెమెరాలో ఐదారు చిన్న లెన్సులు పేర్చి ఉంటాయి. వెలుగు వాటి మధ్య, సెన్సర్ (బొమ్మను పట్టే చిప్పు) మీది గాజు మధ్య అటూ ఇటూ కొట్టుకుని దీపానికి ఒక దొంగరూపు తయారుచేస్తుంది. దీపం పై ఎడమ మూలన ఉంటే చుక్క కింది కుడి మూలన తేలుతుంది. వరసగా బల్బులుంటే చుక్కల వరసంతా తలకిందులుగా పడుతుంది. పగలూ ఇది ఉంటుంది, చీకటి వెనక ఉంటేనే బయటపడుతుంది. ఎంత తుడిచినా పోదు. ఫోన్ కాస్త తిప్పాలి, లేదా దీపాన్ని ఫ్రేము నడుమకి తెచ్చి చుక్కని దాని వెనకే దాచేయాలి. దీన్ని ‘ప్రతిబింబం’ అన్నా తప్పులేదు, ‘దొంగచుక్క’ అంటే నాకు ఇంకా ఇష్టం.

మూడోది ఫోటో మొత్తం తెల్లబారడం. నలుపు నలుపుగా ఉండదు. దీనికి ‘పాలిపోవడం’ అన్న మాట ఉండనే ఉంది. ఫ్రేము బయట ఉన్న దీపం వెలుగు పక్కనుంచి లెన్స్‌ని తాకినా ఇలా అవుతుంది, అప్పుడు చెయ్యి అడ్డం పెడితే చాలు. లెన్స్ మీద అతికించిన చవకరకం గాజు కూడా ఫోటోని పాలిపోయేలా చేస్తుంది. పూత లేని గాజు ఒక్కో తలం దగ్గర దాదాపు 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది మరి.

ఇక వెలుగు, వెలుతురు. వాడుకలో ఒకదాని చోట ఒకటి వస్తూనే ఉంటాయి గానీ, వెలుగు దీపానిది, వెలుతురు చోటుది. ‘గదిలో వెలుతురు చాలదు’ అంటాం, ‘దీపం వెలుగు కళ్లలో పడింది’ అంటాం. కాబట్టి లెన్స్ మీద పడేది వెలుగే.

మీరు పంపిన వాక్యం: ‘కాంతి మంట నివారణకు కటకమును శుభ్రపరచవలెను.’ కటకం పాఠ్యపుస్తకాల మాట. పాత కావ్యాల్లో అదే కటకానికి సైన్యం విడిదీ, చేతికడియమూ అర్థాలు. ఇలా రాసి చూడండి: ‘దీపం చుట్టూ చారలొస్తే ముందు లెన్స్ తుడవండి. చుక్కలు అప్పటికీ పోకపోతే ఫోన్ కొంచెం పక్కకి తిప్పండి.’