కుక్క బోను కొనే ముందు టేపు తీయండి

ఈసారి వచ్చిన ఉత్తరాలు చూస్తే అందరూ కలిసి ఒకే షాపుకు వెళ్ళొచ్చారా అనిపించింది. దాదాపు అన్నీ మడతపెట్టే ఇనుప క్రేట్ గురించే. అందుకని దగ్గుమందులు, దురదల సంగతి వచ్చే సంచికకు వాయిదా వేసి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మియాపూర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్ మాది. మూడు నెలల మగ లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నాం. నేనూ మావారూ ఉద్యోగాలకు వెళ్తాం, ఇంట్లో మా అత్తయ్య ఉంటారు. ఎలాగూ పెరుగుతుంది కదా, 48 అంగుళాల క్రేట్ తీసుకోండి అంటున్నాడు షాపతను. అత్తయ్యేమో నోరులేని జీవాన్ని బోనులో పెడితే పాపం అంటున్నారు. ఏ సైజు కొనాలి? రెండు తలుపులది అవసరమా? రోజుకు ఎన్ని గంటలు ఉంచొచ్చు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. దానికి నేను చెప్పేది మీకు కుదరకపోతే మిగతా రెండింటితో పనే లేదు. పిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలపండి. అన్ని గంటలకు మించి అది మూత్రం ఆపుకోలేదు. మీ పిల్లకు ఆ లెక్కన నాలుగు గంటలు, అదీ రాత్రి నిద్రలో. పగలు మెలకువగా ఉన్నప్పుడు రెండు గంటలకోసారి బయటికి తీసుకెళ్ళాల్సిందే. పెద్దయ్యాక కూడా ఏకబిగిన నాలుగైదు గంటలు దాటించకూడదు. పొద్దున తొమ్మిదికి గడియ వేసి సాయంత్రం ఆరింటికి తీద్దామనుకుంటే మాత్రం ఆ డబ్బు మిగుల్చుకోండి.

మీ అత్తయ్యగారి మాట తేలిగ్గా తీసేయకండి. చట్టం కూడా కొంతవరకు ఆవిడ వైపే ఉంది. కదలడానికి చాలినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో జంతువును ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. ఆవిడకు ఇలా చెప్పి చూడండి: రోజులో ఎక్కువసేపు ఆ తలుపు తెరిచే ఉంటుంది, పిల్ల తనంతట తాను వెళ్ళి పడుకుంటుంది, వంటింట్లో నూనె కాగుతున్నప్పుడో పనమ్మాయి ఫ్లోర్ క్లీనర్‌తో తుడుస్తున్నప్పుడో కాసేపు మూస్తాం అని. పగలు ఇంట్లో ఉండేది ఆవిడే కాబట్టి గడియ పెత్తనం ఆవిడకే అప్పగించండి. పాపం అని భయపడే మనిషి కుక్కను లోపల మరిచిపోరు.

ఇక సైజు. ఈ క్రేట్లు పొడవును బట్టి 24, 30, 36, 42, 48 అంగుళాల్లో వస్తాయి. జాతి పేరు చెప్పి కొనేకంటే కుక్కను నిలబెట్టి టేపుతో కొలవడం మంచిది. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా ఎంత ఉందో చూసి దానికి బెత్తెడు కలపండి, అది పొడవు. నేల నుంచి నడినెత్తి దాకా కొలిచి మళ్ళీ బెత్తెడు కలపండి, అది ఎత్తు. నిలబడితే తల తగలకూడదు, చుట్టూ తిరగగలగాలి, కాళ్ళు చాపి పక్కకు పడుకోగలగాలి. పమేరియన్‌కు 24, బీగిల్‌కు 30, మామూలు ఎత్తున్న మన ఊరకుక్కకు 36 సాధారణంగా సరిపోతాయి. మీది ఇంకా పిల్ల కాబట్టి తల్లిదండ్రుల సైజు అడిగి తెలుసుకోండి. పెరిగిన లాబ్రడార్‌కు ఎక్కువగా 42 చాలు, భారీ మగకుక్క అయితేనే 48. ఫ్లాట్లో 48 అంటే హాల్లో ఇంకో దివాన్ వేసినట్టే.

పెద్దది కొని మూడు నెలల పిల్లను అందులో వదిలేస్తే ఏమవుతుందంటే, ఒక మూల పడుకుని రెండో మూల పాడు చేస్తుంది. పడుకునే చోట తడి చేసుకోకూడదన్న సహజ గుణమే మనకు ఆధారం, ఆ గుణానికి పెద్ద క్రేట్ గండి కొడుతుంది. అందుకని లోపల జరపగలిగే అడ్డు జాలీ ఇస్తున్నారో లేదో చూడండి. ఇప్పుడు సగానికి అడ్డం పెట్టి, పిల్ల పెరిగేకొద్దీ వెనక్కి జరుపుతూ పోవచ్చు. అది విడిగా దొరకడం కష్టం, క్రేట్‌తో పాటే తీసుకోండి.

రెండు తలుపుల సంగతి మీ గోడను బట్టి. క్రేట్ పొడవు భాగం గోడకు ఆనించి, పొట్టి వైపున్న తలుపు హాల్లోకి తెరుచుకుంటే ఒక తలుపు చాలు. సోఫాకూ మంచానికీ మధ్య ఇరికించాల్సి వస్తే రెండోది పనికొస్తుంది.

షాపులో చేయాల్సిన అసలు పని వేరే ఉంది. అమ్మేవాడు చకచకా విప్పి చూపిస్తాడు, అది చూసి మురిసిపోకండి. మీరే మడిచి, మీరే విప్పండి. విప్పాక పైన నాలుగు మూలల కొక్కేలు పూర్తిగా పడ్డాయో లేదో పట్టి లాగండి. ఒక్క మూల వదులుగా ఉన్నా పిల్ల తల దూర్చి తోస్తుంది, సందులో మెడ ఇరుక్కుంటుంది. వెల్డింగ్ అతుకుల మీద వేలితో తడిమి చూడండి, గీసుకునే మొనలు ఉండకూడదు. కమ్మీల మధ్య పిల్ల మూతిగానీ పాదంగానీ ఇరుక్కునేంత ఎడం ఉంటే వద్దు. గేజ్ అంకె చెప్పి ఊరిస్తే గుర్తుంచుకోండి, అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. లాబ్రడార్‌కు తలుపు మీద పైనొకటి, కిందొకటి రెండు గడియలు ఉండాలి. ఒకటే ఉంటే కింది మూలను ముక్కుతో వంచేస్తుంది. కింది ప్లాస్టిక్ ట్రే బయటికి జారకుండా ఆపే చిన్న కొండీ ఉందా అని అడగండి. చాలామంది అడగరు, తర్వాత పిల్ల ఆ ట్రేను ముందుకు లాక్కుని అంచులు కొరుకుతుంటే నాకు ఫోన్ చేస్తారు. ఇంకొకటి, 42 అంగుళాలది 15 కిలోలు దాటవచ్చు, లిఫ్టు లేకపోతే ఎవరు మోస్తారో ఇప్పుడే తేల్చుకోండి.

ఇంటికి తెచ్చిన రోజే లోపలికి తోసి తలుపు వేయకండి. టైల్స్ మీద ఇనుము గలగలమంటే పిల్ల జడుస్తుంది, కింద పాత రబ్బరు మ్యాటో గోనె పట్టానో పరవండి. తలుపు ఊగకుండా వెనక్కి కట్టేయండి. అన్నం గిన్నె మొదట గుమ్మం దగ్గర, తర్వాత లోపల ముందు భాగంలో, ఆ తర్వాత బాగా లోపలికి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం ముక్కలు రెండు లోపల వేసి మీ పని మీరు చూసుకోండి, పిలిచి బతిమాలొద్దు. భయం లేకుండా వెళ్ళి తింటున్నప్పుడే తలుపు మూసి, తినడం అవగానే తీయండి. తర్వాత ఆ సమయాన్ని నిమిషాల లెక్కన పెంచండి. రాత్రిళ్ళు మొదట్లో మీ మంచం పక్కనే పెట్టుకోండి, వంటింటి చివర ఒంటరిగా పెడితే ఏడవకుండా ఏం చేస్తుంది? తప్పు చేసిందని కోపంతో అందులో పెట్టి మూయడం మాత్రం ఇంట్లో ఎవరూ చేయకూడదు, పిల్లలతో సహా.

లోపల పాత చీరల బొంత వేద్దామని అత్తయ్యగారు అంటారు, నాకు తెలుసు. పళ్ళు మారే వయసు, అంటే ఆరేడు నెలలు దాటేవరకు ఆగమనండి. గుడ్డ చింపి మింగితే పేగుకు అడ్డం పడి ఆపరేషన్ దాకా వెళ్తుంది. లోపల పెట్టి తలుపు మూసే ప్రతిసారీ మెడ పట్టీ తీసేయాలి. పట్టీకి ఉన్న రింగో బిళ్ళో కమ్మీకి తగులుకుంటే కుక్క గింజుకుంటుంది, గింజుకునేకొద్దీ ఉరి బిగుస్తుంది. ఈ ఒక్క మాట కాగితం మీద రాసి క్రేట్ పైన అంటించండి.

ప్రశ్న: మా పగ్ కోసం 24 అంగుళాల క్రేట్ కొన్నాం. ఇంట్లో చోటు లేక బాల్కనీలో పెట్టి పైన గ్రీన్ నెట్ కట్టాం. మధ్యాహ్నం నీళ్ళు పెట్టి వెళ్తున్నాం. సరిపోతుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సరిపోదు. ఈ పత్రిక చేతికి అందిన రోజే లోపలికి మార్చండి. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి ఎగపోస్తూనే ఒంటి వేడి తగ్గించుకుంటుంది. పగ్‌కు ముక్కు చప్పిడి, గాలి దారి ఇరుకు, ఆ ఎగపోయడం కూడా సరిగ్గా కుదరదు. మే నెలలో మీ ఊరి వడగాలికి గ్రీన్ నెట్ ఎండను ఆపుతుందేమోగానీ వేడిని ఆపదు. పైగా ఇనుప కమ్మీలు కాలుతుంటాయి, నీళ్ళు కాగుతుంటాయి.

ఇనుప క్రేట్‌కు ఉన్న పెద్ద సుగుణం నాలుగు వైపులా గాలి ఆడటం. దాన్ని హాల్లో ఫ్యాన్ కిందో, కూలర్ గాలి తగిలే దారిలోనో పెట్టుకుంటేనే ఆ లాభం. చీకటిగా ఉంటే పడుకుంటుందని దుప్పటి కప్పేవాళ్ళు కనీసం ఒక పెద్ద వైపు పూర్తిగా వదిలేయాలి. ఎండాకాలం అసలు కప్పకపోతేనే మేలు. నీళ్ళకు కమ్మీకి తగిలించే స్టీల్ గిన్నె వాడండి, ఒలకదు.

కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది, చేయి పెట్టి జ్వరమని కంగారు పడొద్దు. కానీ ఆగకుండా ఎగపోయడం, చిక్కటి జొల్లు, చిగుళ్ళు ఎర్రబడటం, తూలడం కనిపిస్తే అది వడదెబ్బ. మామూలు నీళ్ళతో ఒళ్ళు, కాళ్ళు, పొట్ట బాగా తడిపి, ఫ్యాన్ వేసి, కాస్త చల్లబడుతుండగానే ఆసుపత్రికి బయల్దేరండి. తేరుకున్నట్టు కనిపించినా ఆగొద్దు.

ప్రశ్న: పక్క వీధిలో ఒకరు మంచి క్రేట్ ఊరికే ఇస్తామంటున్నారు. వాళ్ళ కుక్కపిల్ల ఈమధ్యే పార్వో అనే వైరస్ జబ్బుతో చనిపోయింది. మా పిల్లకు రెండు నెలలు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ పిల్లకు టీకాల వరస పూర్తయ్యేదాకా, అంటే నాలుగు నెలల వయసు దాటేదాకా, ఆ క్రేట్ మీ గుమ్మం తొక్కకూడదు. పార్వో వైరస్ నెలల తరబడి బతికి ఉంటుంది, సబ్బుకూ ఫినాయిల్‌కూ లొంగదు. తర్వాత తెచ్చుకుంటే గుడ్డలు, బొంతలు అన్నీ అక్కడే వదిలేయండి. క్రేట్‌నూ ట్రేనూ ముందు సబ్బుతో మురికి లేకుండా కడిగి నీళ్ళు పోయండి. మురికి, మూత్రం ఉండగా బ్లీచ్ పోస్తే పని చేయదు, ఘాటు వాయువు కూడా వస్తుంది. ఆ తర్వాత ఇళ్ళలో వాడే బ్లీచ్ ద్రావణం ఒక వంతుకు నీళ్ళు ముప్పై వంతులు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి, మళ్ళీ కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. బ్లీచ్ ఇనుమును తింటుంది, మీది సముద్రపు గాలి, అందుకని ఆ చివరి కడుగుడు సరిగ్గా కడగాలి. మూలల్లో, మడత కీళ్ళలో పిడుదులు దాక్కుంటాయి, టార్చి వేసి చూడండి. పెయింటు లేచి తుప్పు పొరలు ఊడుతుంటే ఉచితమైనా వద్దనండి, కుక్క నాకేది ఆ కమ్మీలనే.

ప్రశ్న: వీధిలో దొరికిన నాలుగేళ్ళ కుక్కను పెంచుకుంటున్నాం. మేం బయటికి వెళ్తే సోఫా చింపుతోందని క్రేట్‌లో పెట్టి మూయడం మొదలుపెట్టాం. కమ్మీలు కొరికి కోరపన్ను విరగ్గొట్టుకుంది. ఇంకా గట్టి క్రేట్ కొనమంటారా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: వద్దు. ఈ రోజు నుంచి తలుపే మూయొద్దు. నేను సర్వీసంతా పశువుల ఆసుపత్రుల్లో చేశాను. ట్రెవిస్‌లో, అంటే పశువును కదలకుండా నిలబెట్టే చట్రంలో, గేదెను బిగించేది సూది వేసేంతసేపే, తర్వాత వదిలేస్తాం. మీరు మీ కుక్కను రోజంతా ట్రెవిస్‌లో ఉంచినట్టు ఉంచుతున్నారు. సోఫా చింపడం అల్లరి కాదు, ఒంటరిగా వదిలేస్తే పుట్టే భయం. వీధిలో స్వేచ్ఛగా తిరిగిన జీవానికి అది ఇంకా ఎక్కువ. భయపడ్డ కుక్కను ఇనుములో పెడితే భయం తగ్గదు, గాయాలు పెరుగుతాయి. మీరు వెళ్ళాక ఫోన్‌లో వీడియో పెట్టి చూడండి. వెళ్ళిన కాసేపటికే జొల్లు, వణుకు, అరుపులు మొదలైతే డాక్టరుకు ఆ వీడియో చూపించండి. కొన్నిటికి శిక్షణతో పాటు మందులూ కావాలి. అప్పటిదాకా ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా చూడండి, లేదా తెలిసినవాళ్ళ దగ్గర వదలండి. పన్ను విరిగిన చోట ఎర్రగానో నల్లగానో చుక్క కనిపిస్తే లోపలి నరం తేలినట్టు. అన్నం తింటున్నా నొప్పి ఉంటుంది, చీము పడుతుంది. ఈ వారంలోనే చూపించండి.

ప్రశ్న: సంక్రాంతికి రాజమండ్రి వెళ్ళాలి. ఈ మడత క్రేట్ రైలుకు, విమానానికి పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: విమానానికి పనికిరాదు, అంతర్జాతీయ విమాన రవాణా సంఘం నియమాల ప్రకారం కార్గోకు గట్టి గోడలున్న పెట్టె కావాలి, మడిచే తీగ క్రేట్ ఒప్పుకోరు. రైల్లో ఏసీ ఫస్ట్ క్లాస్‌లో కూపే (రెండు బెర్తుల గది) గానీ క్యాబిన్ (నాలుగు బెర్తుల గది) గానీ మొత్తం మీ పేరున ఉంటేనే కుక్క మీతో వస్తుంది, పార్సిల్ ఆఫీసులో బుక్ చేయించాలి. లేకపోతే గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లో డాగ్ బాక్స్, దానికి నేను ఓటు వేయను. టీకాల కార్డు, డాక్టరు సర్టిఫికెట్ దగ్గర ఉంచుకోండి. సొంత కారైతే ఈ క్రేట్ బాగానే పనికొస్తుంది, వెనక సీటు మడిచి, క్రేట్ జరగకుండా నాలుగు మూలలా బెల్టులతో కట్టండి. ఏసీ గాలి వెనకదాకా అందుతోందో లేదో మీరు ఓసారి అక్కడ కూర్చుని చూసుకోండి. దారిలో టిఫినుకు ఆగితే ఒకరు కుక్క దగ్గర ఉండి, రెండోవాళ్ళు తినొచ్చాక మారండి. బయల్దేరే ముందు కడుపు నిండా పెట్టొద్దు, మూడు నాలుగు గంటల ముందే తేలిగ్గా పెట్టేస్తే దారిలో కక్కదు.