కాళ్ల వాపు మాత్ర వల్లే అంటే డాక్టర్ వినడం లేదు

ప్రశ్న: బీపీకి ఆమ్లోడిపిన్ 5 ఎంజీ వాడేదాన్ని. మూడు నెలల కిందట 10 చేశారు. అప్పటి నుంచి సాయంత్రానికల్లా రెండు చీలమండలూ వాచిపోతున్నాయి. రెండుసార్లు చెప్పాను. ‘వయసండీ, ఎక్కువసేపు నిలబడకండి’ అన్నారు. నీరు తీసే మాత్ర రాశారు, గుణం లేదు. బీపీ మాత్ర మానేయనా?
– ఒక పాఠకురాలు

జవాబు: మానేయకండి. ఈ మందు ఒంట్లోంచి పోవడానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే మానేసిన రోజు బీపీ బాగానే కనిపిస్తుంది, తర్వాత చడీచప్పుడు లేకుండా ఎక్కుతుంది.

మీ అనుమానంలో మాత్రం పస ఉంది. ఆమ్లోడిపిన్ సన్నటి ధమనులను వదులు చేసినంతగా సిరలను చేయదు. దాంతో కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. 5తో లేని వాపు 10తో రావడం మామూలే. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కనుక నీటి మాత్రకు అంతగా లొంగదు. మందుల చీటీ పొడుగయ్యేది చాలాసార్లు ఇలాగే.

‘కాళ్లు వాస్తున్నాయి’ అని ఊరుకుంటే వినేవారికి గుండె, కిడ్నీ, లివర్, వయసు అన్నీ తడతాయి. పక్కన తేదీలుంటే మందు ముందుకొస్తుంది. వారం రోజులు రాసిపెట్టండి: మాత్ర వేసుకున్న టైము, ఉదయం, రాత్రి బీపీ, రెండు కాళ్ల చుట్టుకొలత. చీలమండ ఎముకకు నాలుగు వేళ్ల పైన పెన్నుతో గీత పెట్టి, లేవగానే ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి అక్కడే టేపు చుట్టండి. చోటు జరిగితే అంకె మారిపోతుంది. బొటనవేలితో ఐదు సెకన్లు నొక్కి తీస్తే గుంట పడుతోందో లేదో కూడా రాయండి. రాత్రిపూట ఫోటో తప్పనిసరి. పొద్దున అపాయింట్‌మెంట్ అయితే డాక్టర్ చూసేది వాపు దిగిన కాళ్లనే కదా!

లోపలికి వెళ్లగానే మొదటి మాట ఇదే కావాలి: ‘ఫలానా తేదీన డోసు 10 అయింది, ఇన్ని రోజులకు వాపు మొదలైంది, అంతకుముందు లేదు.’ నోట్‌బుక్ ముందుపెట్టి ఆగండి. మళ్లీ వయసు అంటే, ‘మందు వల్ల కాదని ఏ పరీక్షతో తేలుతుందండీ?’ అని అడగండి. ఆ ప్రశ్నకు వయసు అన్న జవాబు సరిపోదు. తర్వాత, ‘5కి తగ్గించి టెల్మిసార్టాన్ లాంటి మరో బీపీ మందు కలపవచ్చా?’ అనండి. ఆ రకం మందులు సిరలను కూడా వదులు చేస్తాయి కనుక వాపు తగ్గే అవకాశం ఉంది. అయితే అవి అందరికీ పడవు, కిడ్నీ, పొటాషియం పరీక్షలు చూశాకే ఇస్తారు. ‘నెట్‌లో చదివాను’ అని మాత్రం మొదలుపెట్టకండి, సగం వినికిడి అక్కడే పోతుంది.

అప్పటికీ కాదంటే, మీ ఫిర్యాదును కేస్ షీట్‌లో రాయమని అడిగి, అదే నోట్‌బుక్‌తో మరో డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మందు మార్చాక కూడా వాపు మర్నాటికే దిగదు, రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది.

ఒక్క కాలే వాచి నొప్పి పుట్టినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, పెదాలో ముఖమో ఉబ్బినా నోట్‌బుక్ పక్కన పడేసి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.