న్యూట్రిషన్‌లో ఎమ్మెస్ చేస్తే డైటీషియన్ అయిపోరు

మొన్న సెలవుకు తిరుపతి వచ్చినప్పుడు బాలాజీ కాలనీలో మా పిన్ని వాళ్ల పక్కింటి అమ్మాయి వచ్చి కూర్చుంది. పద్మావతి మహిళా యూనివర్సిటీలో హోమ్ సైన్స్ చదివింది. "అక్కా, అమెరికాలో న్యూట్రిషన్‌లో ఎమ్మెస్ చేస్తే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల జాబితా) కింద మూడేళ్లు పని చేసుకోవచ్చంట, హాస్పిటల్లో డైటీషియన్‌గా చేరిపోవచ్చంట, వెంటనే ఫీజు కట్టేయమంటున్నారు కన్సల్టెన్సీ వాళ్లు" అంది. అందులో సగం నిజం. మిగతా సగం తెలియక నేను రెండేళ్లు పోగొట్టుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

అమెరికా ఆసుపత్రుల్లో రోగి ఆహారం చూసే ఉద్యోగాలు దాదాపు అన్నీ రిజిస్టర్డ్ డైటీషియన్లకే. రిజిస్టర్డ్ డైటీషియన్ కావడానికి పరీక్ష ఉంటుంది, అది రాయాలంటే 2024 జనవరి 1 నుంచి కనీసం పీజీ ఉండాలి, అంతకు ముందు బ్యాచిలర్స్ సరిపోయేది. అయితే పీజీ ఒక్కటే చాలదు. డైటీషియన్ కోర్సులను పరిశీలించే ఏసెండ్ అనే సంస్థ గుర్తింపు ఉన్న ప్రోగ్రాంలో చదవాలి, పర్యవేక్షణలో కనీసం 1000 గంటల ప్రాక్టీసు చేయాలి. చాలా చోట్ల న్యూట్రిషనల్ సైన్సెస్ అనే ఎమ్మెస్ మంచి చదువే కానీ అది పరిశోధన వైపుది, అందులో ఈ గంటలు ఉండవు. నేను చేసింది అదే. పట్టా చేతికొచ్చాక తెలిసింది, మళ్లీ కోర్సులు, మళ్లీ ఇంటర్న్‌షిప్. నాకు ముందు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

స్టెమ్ సంగతి చూద్దాం. విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం మీద కోర్సు కోడ్ ఒకటి ఉంటుంది. 30.1901 అంటే న్యూట్రిషన్ సైన్సెస్, స్టెమ్ జాబితాలో ఉంది కాబట్టి 12 నెలల ఓపీటీ (చదువయ్యాక పని చేసుకునే అనుమతి) అయ్యాక ఇంకో 24 నెలలు అడగొచ్చు. 51.3101 అంటే డైటెటిక్స్, అది జాబితాలో లేదు, 12 నెలలే. ఆ ఏడాదిలోనే పరీక్ష, రాష్ట్రం లైసెన్సు, ఉద్యోగం, వీసా అన్నీ కుదరాలి, టెన్షన్ మామూలుగా ఉండదు. ప్రోగ్రాం పేరు చూసి ఊహించుకోవద్దు. డైరెక్టర్‌కే మెయిల్ పెట్టి, మీ డిగ్రీతో నేను పరీక్షకు అర్హురాలినవుతానా, ప్రాక్టీసు గంటలు డిగ్రీలోనే ఉన్నాయా, ఐ-20లో ఏ కోడ్ వేస్తారు అని అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకో. గంటలు డిగ్రీలోనే కలిసి ఉంటే మనలాంటి వాళ్లకు చాలా నయం, ఎందుకంటే చదువులో భాగంగా సీపీటీ అనే పని అనుమతి మీద చేయొచ్చు. ఆ గంటలకు చాలా చోట్ల జీతం రాదు, ఆసుపత్రికీ ఆసుపత్రికీ మధ్య కారులో తిరగాలి, ఈ ఖర్చు ముందే లెక్కేసుకోవాలి. వంటశాల డ్యూటీలో మాంసం వండే చోట నిలబడాల్సి రావచ్చు, శాకాహారులు ఇది కూడా ముందే మాట్లాడుకోవాలి.

ఇంకో మాట, నాకు చాలా ఇష్టమైనది. అక్కడ షుగర్ ఉన్నవాళ్లకు తిండిని 15 గ్రాముల పిండిపదార్థం ఒక భాగం అని లెక్కగడతారు. బ్రెడ్డుకూ పాస్తాకూ పట్టికలు దొరుకుతాయి, మన సంకటికి దొరకవు. పిల్లల దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడకు ఓట్స్ తినమని రాసిచ్చారు, ఆమె ఒక్కరోజూ తినలేదు, నా దగ్గరికొచ్చినప్పుడు సంకటి తినొచ్చా తల్లీ అని భయంగా అడిగింది. అంతకు ముందే మా అమ్మ ముద్దను తూకం వేసి ఉంచుకున్నాను. బియ్యం, రాగిపిండి కలిపి పొడిగా 60 గ్రాములు పడిన ముద్దలో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం, అంటే మూడు భాగాలు. రోజూ తినే ముద్దలో సగం చేసి పక్కన పప్పు, ఆకుకూర ఎక్కువ పెట్టుకోమన్నాను. ఆమె మొహం చూడాల్సింది. నువ్వు కూడా వచ్చేలోపు ఇంట్లో సంకటి, పితికిపప్పు, చెనక్కాయల ఊరిబిండి తూచి రాసుకో. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన ఆహార పట్టికలు వెంట ఉంచుకో. అక్కడ ఎవరూ నీకు ఇవి నేర్పరు, కానీ మనవాళ్లు వచ్చినప్పుడు నీకొక్కదానికే తెలుస్తాయి.

మూడేళ్ల బీఎస్సీని అన్ని చోట్లా అమెరికా బ్యాచిలర్స్‌తో సమానంగా చూడరు. అందుకే ఇక్కడే ఎమ్మెస్సీ కూడా పూర్తి చేసి వస్తే మంచిదని నా అభిప్రాయం. చదివిన ప్రతి సబ్జెక్టు సిలబస్ అడుగుతారు, బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ ఏం చదివావో పాఠం పాఠంగా చూస్తారు. ఆ కాగితాల కోసం మా నాన్న నా తరఫున ఎండలో ఎన్నిసార్లు తిరిగాడో నాకు ఇప్పటికీ బాధే. నీకు యూనివర్సిటీ ఇంటి దగ్గరే, సోమవారం పొద్దున్నే వెళ్లి సీలు వేయించి మూడు సెట్లు తెచ్చుకో.