ప్లాట్‌ఫామ్ ఒకటే అని రెండు అప్పులు చేస్తారా?

ప్రశ్న: నెలకు రూ.62,000 చేతికొస్తుంది. ఇంటి ఖర్చులు రూ.38,000. బ్యాంకులో రూ.90,000 ఉన్నాయి. మారుతి ఫ్రాంక్స్ టర్బో కారు కొనాలనుకుంటున్నా. ఏడేళ్లకు రూ.8 లక్షల కారు రుణం, డౌన్ పేమెంట్ కోసం మూడేళ్లకు రూ.2 లక్షల వ్యక్తిగత రుణం తీసుకుంటా. ఫ్రాంక్స్, మారుతిదే అయిన బాలెనోలది ఒకే హార్టెక్ట్ ప్లాట్‌ఫామ్ (కారు కట్టే మూల నిర్మాణం) కాబట్టి విడిభాగాలు చవకగా దొరుకుతాయని, మరమ్మతులకు వేరే డబ్బు అక్కర్లేదని స్నేహితులు అంటున్నారు. ముందుకెళ్లొచ్చా?

జవాబు: వద్దు. ఈ ప్లాట్‌ఫామ్ లెక్కతో అప్పుకు సిద్ధపడేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ప్లాట్‌ఫామ్ ఒకటైతే కలిసేది ప్రధానంగా కారు అడుగుభాగం, సస్పెన్షన్ అమరిక. చిన్న ప్రమాదంలో పగిలేది అడుగుభాగం కాదు, ముందు బంపర్, హెడ్‌ల్యాంప్, ఫెండర్. ఫ్రాంక్స్ ముందు భాగానికి బాలెనోవి సరిపోవు. పైగా మీరు అడుగుతున్నది 1.0 లీటర్ టర్బో. ఇప్పటి బాలెనోలో ఉన్నది 1.2 లీటర్ ఇంజిన్. ఇంజిన్ భాగాల దగ్గర కూడా ‘ఒకటే’ అన్న మాట పనిచేయదు. భద్రతకూ ఇదే వర్తిస్తుంది: హార్టెక్ట్ మీదే వచ్చిన స్విఫ్ట్‌కు 2022లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఒక స్టార్ ఇస్తే, 2024లో అదే ప్లాట్‌ఫామ్ ఉన్న కొత్త డిజైర్‌కు అయిదు ఇచ్చింది.

బీమా ఉందిగా అనకండి. మామూలు సమగ్ర పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం తరుగుదల కోస్తారు. బంపర్ ప్లాస్టిక్కే. రూ.12,000 బంపర్ అయితే రూ.6,000 మీదే, దానిపై ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన తప్పనిసరి మినహాయింపు మరో రూ.1,000. అదనపు ప్రీమియంతో జీరో డెప్రిసియేషన్ రైడర్ తీసుకుంటే తరుగుదల కోత తప్పుతుంది, ఆ రూ.1,000 మాత్రం తప్పదు.

ఇప్పుడు అసలు సంగతి. కారు రుణానికి 9.5 శాతం, వ్యక్తిగత రుణానికి 14 శాతం వడ్డీ వేసుకున్నా వాయిదాలు సుమారు రూ.13,075, రూ.6,835. మొత్తం రూ.19,910. ఇంటి ఖర్చులు పోను మిగిలేది రూ.4,090. పెట్రోలు, సర్వీసింగ్, ఏటా బీమా ప్రీమియం అందులోంచేనా? ఒక్క నెల జీతం ఆలస్యమైతే క్రెడిట్ కార్డు గీకుతారు. డౌన్ పేమెంటుకే అప్పు చేయాల్సి వస్తోందంటే ఆ కారు ఇంకా మీ స్తోమతకు రాలేదని అర్థం.

మీకు ముందు కావలసింది ఆరు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి: రూ.2,28,000. కారు కొనేశామనుకుని, అదే రూ.19,900ని జీతం పడిన రోజే వేరే ఖాతాకు మళ్లించండి. ఇప్పుడున్న రూ.90,000తో కలిపి ఏడు నెలల్లో రూ.2,29,300 అవుతుంది. ఆ డబ్బు పొదుపు ఖాతాలోనో, అవసరమైనప్పుడు పొదుపు ఖాతాలోకి డబ్బు దానంతటదే వచ్చే స్వీప్ ఇన్ ఎఫ్‌డీలోనో ఉండాలి. షేర్లలో కాదు. ఈ ఏడు నెలల్లో ఒక్కసారైనా వెనక్కి తీసుకోవాల్సి వచ్చిందంటే, ఆ వాయిదాలు కట్టలేరని అప్పు చేయకముందే తేలిపోయినట్టే. నిధి నిండాక అదే మొత్తాన్ని మరో పది నెలలు దాచండి, డౌన్ పేమెంట్ చేతిలో ఉంటుంది. అప్పుడు కూడా రుణం అయిదేళ్లు దాటనివ్వకండి.

మీపై ఆధారపడినవాళ్లుంటే టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) కారు కంటే ముందే తీసుకోండి. సెకండ్ హ్యాండ్ బాలెనో కూడా చూడొచ్చు, దానికీ వ్యక్తిగత రుణం మాత్రం వద్దు.