పరుగెత్తితే బేస్‌బాల్ ప్యాంటు మడత జారిపోతోందా?

తప్పు ప్యాంటు అంచులోనే ఉంది. మీ అబ్బాయికి జపాన్ బేస్‌బాల్ ఆటగాడు ఇచిరోలా సాక్స్ మోకాలి దాకా కనిపించాలి, కానీ రెండో బేస్ చేరేలోపే మడత జారుతోందన్నారు కదా. ఇప్పుడు చాలామంది ఆటగాళ్లు వేసేది షూ మీదికి దిగే పొడుగు ప్యాంటు. దాని అంచుకు ఎలాస్టిక్ ఉండదు, ఎంత మడిచినా నిలవదు.

1. ప్యాంటును లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేయండి. నడుము నేలవైపు ఉంచి, అంచుల వైపు నుంచి కాళ్లు దూర్చమనండి.

2. అంచు మోకాలికి కాస్త కింద ఆగాలి.

3. అందరూ వదిలేసేది ఇదే: సాక్స్‌ను ఆ అంచు మీదుగా పైకి లాగాలి. అంచు సాక్స్ లోపల ఉండాలి, బయట కాదు. రెండు వేళ్ల వెడల్పు గుడ్డ లోపల ఇరుక్కుంటే చాలు.

4. ఇక నడుము పట్టుకుని పైకి లాగితే ప్యాంటు మళ్లీ సరిగ్గా తిరిగి, మోకాలి కింద బుట్టలా నిలుస్తుంది.

రబ్బరు బ్యాండు మాత్రం వేయకండి. మావాడికి పిక్క మీద పడిన గాడి రెండు రోజులు పోలేదు.

ఈసారి కొనేటప్పుడు నిక్కర్స్ అని అడగండి (మన నిక్కరు కాదు!). మోకాలి దగ్గరే ఎలాస్టిక్‌తో ఆగుతాయి, ఈ తంటా ఉండదు.