ఆక్సోలోటల్ తొట్టిలో నత్తలు: మైలుతుత్తం వేయొచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా ఆనందపురం. పూలతోట, నాలుగు గేదెలు ఉన్నాయి. మా అబ్బాయి మూడడుగుల అద్దాల తొట్టిలో జానెడు పొడవున్న ఆక్సోలోటల్‌ను పెంచుతున్నాడు. అడుగున గులకరాళ్లు పరిచాం. రెండు నెలల కిందట గేదెలు తాగే చెరువు నుంచి నాచు మొక్కలు తెచ్చి వేశాం. ఇప్పుడు అద్దాల నిండా నత్తలే. మైలుతుత్తం గానీ, తోటలో వాడే మెటాల్డిహైడ్ గుళికలు గానీ వేయవచ్చా?
– ఒక రైతు

జవాబు: రెండూ వేయకండి. ఆక్సోలోటల్ చేప కాదు, మెక్సికో నగరం దగ్గరి సోచిమిల్కో కాలువలకు చెందిన ఉభయచరం. ఒంటికి పొలుసులు ఉండవు, మొప్పలు తల బయటే వేలాడుతుంటాయి. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్, నీటిలో కరిగిన ఆ రాగి నేరుగా ఒంట్లోకి దిగుతుంది. నత్తలు చచ్చేంత మైలుతుత్తం వేస్తే ఆక్సోలోటల్ కూడా దక్కదు. అక్వేరియం దుకాణాల్లో అమ్మే నత్తల మందుల్లో చాలావాటిలో ఉండేదీ రాగే; సీసా మీద ‘చేపలకు హాని లేదు’ అని ఉన్నా మీకు పనికిరాదు. మెటాల్డిహైడ్ నేల మీద వాడే విషపు ఎర, నీటిలో వేసేది కాదు. ఇంకో సంగతి: ఏ మందుతోనైనా వందల నత్తలు ఒకేసారి చస్తే రాళ్ల సందుల్లో కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది. మందు నుంచి తప్పించుకున్న జీవిని ఆ నీరు చంపుతుంది.

ముందు ఒక నత్తను తీసి చూడండి. గుల్ల మొన పైకి, గుల్ల నోరు మీ వైపు ఉండేలా పట్టుకున్నప్పుడు నోరు ఎడమ పక్కకు ఉంటే ఫైసా, కుడి పక్కకు ఉంటే లిమ్నియా కావచ్చు. గుల్ల చదునుగా చుట్ట చుట్టుకుని ఉంటే ఇండోప్లానార్బిస్. ఈ మూడూ అద్దానికీ ఆకులకూ జిగురు ముద్దల్లా గుడ్లు పెడతాయి, జత లేకుండా కూడా పెట్టగలవు. సన్నగా పొడవుగా ఉండి పగలు రాళ్లలో దాక్కుని రాత్రి బయటికొచ్చేది మెలనాయిడెస్. ఇది నేరుగా పిల్లల్నే పెడుతుంది, దానికి మగనత్తతో పని లేదు. కాబట్టి దాని విషయంలో గుడ్ల కోసం వెతకడం దండగ.

మీ చెరువు నత్తల వల్ల ఆక్సోలోటల్ కన్నా గేదెలకు ముప్పు ఎక్కువ. పశువుల్లో కాలేయానికి వచ్చే జలగ వ్యాధికి లిమ్నియా, ముక్కుకు వచ్చే గురక వ్యాధికి ఇండోప్లానార్బిస్ మధ్య ఆతిథ్య జీవులు, అంటే ఆ వ్యాధుల పురుగులు కొంతకాలం ఈ నత్తల్లో పెరుగుతాయి. ఈ నత్తల నుంచి వెలువడే పురుగు పిల్లలు మనిషి చర్మానికీ దురద తెప్పిస్తాయి. చేతికి గాయాలుంటే తొడుగు లేకుండా తొట్టిలో చేయి పెట్టవద్దు. తీసిన నత్తలను మరిగే నీటిలో వేసి చంపి పాతిపెట్టండి. చెరువులోకి, నీళ్ల తొట్టెలోకి, కాలువలోకి విసరవద్దు.

ఇక తగ్గించే పద్ధతి. నత్తలు ఇంతగా పెరిగాయంటే తొట్టిలో తిండి మిగులుతోందన్నమాట. జానెడు ఆక్సోలోటల్‌కు రెండు మూడు రోజులకోసారి ఒకటి రెండు వానపాములు చాలు. పావుగంటలో తినకపోతే పొడవాటి పట్టకారుతో తీసేయండి. వర్మికంపోస్టు గుంతలోని ఎర్ర వానపాములు ఇస్తున్నారేమో చూసుకోండి. వాటి నుంచి చేదు ద్రవం వస్తుంది, ఆక్సోలోటల్ చాలాసార్లు నోట పెట్టుకుని ఉమ్మేస్తుంది, ఆ మిగులు నత్తలపాలవుతుంది. పురుగుమందు పడని నేలలో దొరికే మామూలు వానపాములు మేలు.

రాత్రి దీపం ఆర్పాక, చిన్న ప్లాస్టిక్ డబ్బాకు నత్త దూరేంత రంధ్రాలు చేసి, ఉడికించిన కీరదోస ముక్క, బరువుకు నున్నటి పెద్ద రాయి ఒకటి లోపల పెట్టి అడుగున ఉంచండి. తెల్లవారగానే డబ్బాను నత్తలతో సహా తీసేయండి. ముక్కను పగలంతా వదిలేస్తే అదే వాటికి మేత. అద్దం మీది గుడ్ల ముద్దలను పాత ప్లాస్టిక్ కార్డుతో గీకి, పైపుతో పీల్చి బయట పారబోయండి. చల్లటి నీటిలో గుడ్లు ఆలస్యంగా పగులుతాయి కనుక నత్తలు కనిపించడం మానేశాక కూడా నెలా నెలన్నర ఇలాగే కొనసాగించాలి. ఫిల్టరు స్పాంజిని కూడా చూడండి, చిన్నవి అందులోనే చేరతాయి. దాన్ని తొట్టి నుంచి తీసిన నీటిలోనే పిండాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ తగిలితే అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా చస్తుంది.

గులకరాళ్లు ఎలాగూ తీసేయాల్సిందే. ఆక్సోలోటల్ తిండిని నీటితో కలిపి గుటుక్కున లాగేస్తుంది, రాయి లోపలికి పోతే పేగు మూసుకుపోతుంది. పలచటి గుల్ల చిన్న నత్త సాధారణంగా మలంతో బయటపడుతుంది, గట్టి గుల్ల పెద్ద నత్తతోనే రాయంత భయం. పొట్ట ఉబ్బి, తేలుతూ, మేత ముట్టకపోతే పశువైద్యుడికి చూపించండి. రాళ్లన్నీ ఒకే రోజు తీయకుండా మూడు నాలుగు విడతల్లో తీయండి, వాటి మీదా మంచి బ్యాక్టీరియా ఉంటుంది. ఆ రోజుల్లో అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించండి. రెండూ సున్నా ఉండాలి. ఏ కాస్త కనిపించినా ఆక్సోలోటల్‌ను క్లోరిన్ తీసిన, అంతే చల్లగా ఉన్న నీటి టబ్బులోకి మార్చి, రోజూ నీరంతా మార్చండి.

నత్తలను తినడానికి లోచ్ చేపలు వేయమని దుకాణంలో చెబుతారు. అవి ఆక్సోలోటల్ మొప్పలను కొరుకుతాయి. ఇతర నత్తలను తినే అసాసిన్ నత్తకు వెచ్చటి నీరు కావాలి, ఆక్సోలోటల్‌కు 16–18 డిగ్రీలు ఉండాలి. ఈ రెండింటికీ పొత్తు కుదరదు. చల్లదనానికి ఫ్యానును నమ్ముకోకండి, విశాఖ ఉక్కపోత గాలిలో నీరు ఆవిరి కావడం తక్కువ. వేసవిలో నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం తప్పదు. కరెంటు పోయినప్పటికి గడ్డకట్టిన నీళ్ల సీసాలు సిద్ధంగా ఉంచుకోండి.

చెరువు మొక్కలన్నీ తీసి ఎండబెట్టి పాతిపెట్టండి. కొత్తవి కొంటే లీటరు నీటికి 4 గ్రాముల పటిక కలిపి రెండు మూడు గంటలు నానబెట్టి, బాగా కడిగి, విడి బకెట్లో నెల రోజులు ఉంచి చూశాకే తొట్టిలో వేయండి. పటిక నీరు కొన్ని గుడ్లను వదిలేస్తుంది, అవి బకెట్లోనే పగిలి బయటపడతాయి.

ఆక్సోలోటల్ సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలోని జీవి. 2024 నిబంధనల ప్రకారం ఇలాంటి విదేశీ జీవులను పెంచేవారు కేంద్రం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. మీవాడు చేయించాడో లేదో కనుక్కోండి.